టవాలు పడిన సీటు

పోయిన శనివారం పూతలపట్టు కాడ బస్సు ఇంకా సరిగ్గా నిలబడను గూడా లేదు, కిటికీలోంచి ఒక టవాలు వచ్చి నా పక్కన కూర్చోనుండే పెద్దాయన ఒళ్ళో పడింది. ఎర్రగళ్ళ టవాలు. ఖాళీ సీట్లో టవాలు ఏసి పట్టుకునేవాళ్ళను పుట్టినప్పట్నుంచీ చూస్తానే ఉండాను. మనిషి కూర్చోనుండే సీట్లో ఏసేవాణ్ణి చూసి మాత్రం చానా దినాలయింది. పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, "ఎవుడ్రా వీడు, బతికుండే మనిషి మింద గుడ్డ కప్పతా ఉండాడు" అని గొణిగినాడు. గొణిగి, సంచి చంకలో పెట్టుకోని, ఆ టవాలును సీట్లో సాపుగా పరిచి, దిగి పోయినాడు. ఆయన దిగాల్సింది పూతలపట్టులోనే.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎనకనే చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముకునింది. ఆ జేబులో ఒక విజిలుండాది. నాది కాదు. ఎవురిదో చెప్పాలంటే ఆ మనిషి సంగతి చెప్పాల.

చెప్పను టైముండాది లెండి. ఆడోళ్ళకు టికెట్టు లేకుండా చేసినాక ఆ దోవ బస్సుల్లో కాలు పెట్టను సందుండదు. ఈ టవాలు ఏసినోడు ఎవుడో గానీ, వెనక మెట్లెక్కి, అందర్నీ తోసుకోని, నా సీటు దాకా వచ్చేలోపల చెప్పేస్తాను.

ఆయన్ను మేం జీయమ్ అనేవాళ్ళం. ఆయన చిత్తూరు, తిరుపతి మధ్య ఊరూరా ఆగే బస్సులో కండక్టరు. "డిపోకంతా పెద్ద డీయమ్. మనోడు ఆయనకంటే పెద్ద, జీయమ్" అని చెంగల్రాయులు అంటే టీకొట్టంతా నవ్వేది. చెంగల్రాయులది చిత్తూరు పాత బస్టాండు ఎనక టీకొట్టు. దాని ముందరే మా బాస్కెట్‌బాల్ గ్రౌండు. సిమెంటు నేల, రెండు పక్కలా ఇనప కంబాలు, ఒక రింగుకు వల ఉండాది, ఇంకో రింగుకు ఒకప్పుడు ఉండేది. ఆ సందులోనే నా మోటర్‌సైకిల్ స్పేర్‌పార్టుల అంగడి. పొద్దున్నే షట్టరు ఎత్తకముందు ఒక టీ, సాయంత్రం దించినాక ఒక టీ, ఆ రెండు టీల మధ్య వ్యాపారం. నా బతుకులో అసలు పని ఆ టీల దగ్గరే జరిగేది.

జీయమ్ అనే పేరు ఎట్లొచ్చిందంటే, పొద్దున్నే అమెరికా ఆటలు ఫోన్లో వచ్చే టైముకు మేం బెంచీ మింద చేరతాం. వాళ్ళకు రాత్రి, మాకు టీ టైము. ఆడ ఒక టీముకు ఒక జనరల్ మేనేజరు ఉండాడు. పేరుమోసిన ఆటగాళ్ళ జోలికే పోడు. ఇంకో టీమువాళ్ళు పనికిరాడని పక్కన బెట్టినోణ్ణీ, మోకాలు నొప్పని కూర్చోబెట్టినోణ్ణీ, వయసయిపాయ పొమ్మన్నోణ్ణీ ఏరుకోనొచ్చి ఆడిస్తాడు. ఆయన చేసేది తెలివా, పిసినారితనమా అని మా బెంచీ రెండు పక్షాలయింది. ఆయనెవురో, మేమెవురో. మా టీ చల్లారిపోయేదాకా ఆయన కోసం కొట్లాడుకునేవాళ్ళం.

నాది ఒకటే మాట. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. "ఆట గెలవాలంటే ఆటొచ్చినోడు కావాల. ఇందులో మాట్లాడేదానికి ఇంకేముండాది?"

చెంగల్రాయులు టీ వడగట్టే గుడ్డ పిండతా అనేవాడు. "ఆటొచ్చినోడు అందరికీ కనపడతాడు సామీ. వాడి కోసం అందరూ ఎగబడతారు. మనకాడికి వాడెందుకొస్తాడు? మన జెర్సీలే పోయిన ఏటివి."

"అయితే?"

"అయితే ఏముండాది, ఎవురూ సూడనోణ్ణి మనం సూడాల. ఆ అమెరికా ఆయన సేసేది అదే. మన కండక్టరన్న సేసేదీ అదే."

ఆ పొద్దు నుంచి కండక్టరన్న జీయమ్ అయిపోయినాడు.

పాత బస్టాండు టీముకు ఆయన మేనేజరు ఎందుకయినాడంటే, ఇంకెవరూ ఒప్పుకోలేదు గనక. జన్మలో బాలు పట్టిన మనిషి కాదు. కురచ మనిషి. ముందుకొచ్చిన పొట్ట. టికెట్ల మిషను ఆనించి ఆనించి ఆ పొట్ట మింద ఖాకీ చొక్కా ఆ రవంత మేర నున్నగా మెరస్తా ఉండేది. డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకే వచ్చేవాడు. వచ్చి, గ్రౌండును కూడా బస్సు మాదిరే నడిపేవాడు. ఆట మొదలుపెట్టాలంటే "రైట్ రైట్". ఆపాలంటే "హోల్డాన్". టైమవుట్ అని అడగాలయ్యా అని రిఫరీ ఎన్నిసార్లో చెప్పినాడు. "హోల్డాన్ అంటే అంత లావు బస్సే నిలబడిపోతాది. ఈ బనీన్లోళ్ళు నిలబడరా?" అనేవాడు. నిజంగానే నిలబడేవాళ్ళు. అవతలి టీమువాళ్ళు కూడా.

మా వాళ్ళకొక జబ్బుండేది. బాలు యాడుంటే అందరూ ఆడికే పోయి గుంపు కట్టేస్తారు. రింగు కింద ఆ తొక్కులాట చూస్తే ఆయనకు ప్రాణం పోయేది. అంచున అటూ ఇటూ నడస్తా ఒకటే అరుపు. "ముందుకు జరగండప్పా, ముందర ఖాళీ ఉండాది." బస్సులో ఆ మాట సగం అబద్ధం. గ్రౌండులో మాత్రం అక్షరాలా నిజం, ముందరంతా ఖాళీనే. అయినా ఎవురూ జరగరు. బస్సులో జనమెంతో వీళ్ళూ అంతే.

ప్యాంటు జేబులో ఎప్పుడూ ఉడకేసిన చెనిక్కాయలుండేవి. ఆట బాగా ఆడినోడికి కాదు, బాలు పారేసుకోని తిట్లు తిన్నోడికి గుప్పెడు పెట్టేవాడు. ఇదెక్కడి పద్ధతన్నా అని నేనడిగితే, "బాగా ఆడినోడికి చప్పట్లు కొడతారు గదప్పా. వీడికి ఎవురు పెడతారు?" అన్నాడు. నేను మాట మార్చి ఆట సంగతి ఎత్తుకున్నాను. మాట మార్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

ఆటగాళ్ళను ఆయన గ్రౌండులో ఎతికేవాడే కాదు. బస్సులో ఎతికేవాడు. టోర్నమెంటు నియమం ఏమంటే చుట్టుపక్కల మండలాల్లో కాపురముండేవాళ్ళే ఆడాల. మార్కెట్‌వీధి టీమువాళ్ళు ఇంజనీరింగు కాలేజీల్లో ఎగిరి రింగు పట్టుకునే పొడుగాళ్ళను ముందే ఏరుకునేవాళ్ళు. మా జీయమ్‌కు టమేటాల మండీలో పనిచేసే ఒక లావాటి మనిషి దొరికినాడు. ఎందుకు తెచ్చినావన్నా అంటే, "నిండు బస్సులో టమేటా గంప కాళ్ళ మధ్య పెట్టుకోని నిలబడినాడప్పా. చంద్రగిరి దాకా ఒకరు తోసినారు, ఇద్దరు తోసినారు, నేనూ తోసినా. గంపా కదల్లా, వాడూ కదల్లా. రింగు కింద అట్లాటోడు కావాల గదా" అన్నాడు. "వాడికి ఆటొచ్చునా?" అని నేను.

"ఆట దాందేముండాది, నేర్చుకుంటాడు. మనిషయితే రానీ."

ఇది ఆయన ఊతపదం. కొత్తగా తెచ్చిన ప్రతివాడి గురించీ నేను అదే అడిగేది, ఆయన అదే చెప్పేది. ఇట్ల రెండు ఎండాకాలాలు పోయినాయి. రెండుసార్లూ మా టీము మొదటి ఆటలోనే మూటాముల్లె సర్దుకోని ఇంటికొచ్చేసింది. మార్కెట్‌వీధి వాళ్ళు మా సందులోంచి పోతా "హోల్డాన్, హోల్డాన్" అని వెక్కిరించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

మూడో ఏడు టోర్నమెంటు దగ్గరికొస్తా ఉండగా ఒక సాయంత్రం బెంచీ మింద అందరి ముందరా అనేసినాను. "అన్నా, ఈసారి కూడా మొదటి ఆటలోనే ఓడితే నువ్వు మేనేజరు పని మానుకోవాల."

ఎవురూ కాదనలేదు. చెంగల్రాయులు కూడా గిన్నె కడుక్కుంటా ఉండాడు. జీయమ్ సాసర్లో టీ పోసుకోని ఊదుకుంటా ఉండాడు. తాగి, మెళ్ళోని విజిలు తీసి, స్టవ్వు పైన క్యాలెండరు తగిలించే మేకుకు దాన్ని తగిలించినాడు.

"సరేప్పా. గెలిస్తే నేను తీసుకుంటా. ఓడితే నువ్వు తీసుకో. అంతదాకా ఈడుండనీ" అన్నాడు.

నవ్వతానే అన్నాడు గానీ, ఆ పొద్దు టీ రెండోది అడగలేదు. ఆయనకు ఆ టీమంటే ఏందో మాకందరికీ తెలుసు. పొద్దంతా బస్సులో ఎంతమంది ఎక్కి దిగినా కండక్టరు మొఖం ఎవురూ చూడరు, వాడి చేతిలో చిల్లర చూస్తారు. గ్రౌండులో మాత్రం మెట్లెక్కేలోపలే "జీయమన్నొచ్చినాడు" అనేవాళ్ళు. ఆ విజిలు పోతే ఆయనకు సాయంత్రాలుండవు.

మేకుకు విజిలు ఎక్కిన వారంలోనే శేఖరును తెచ్చినాడు.

శేఖరు తిరుపతిలో ఒక బట్టలంగడి గుమాస్తా. దినామూ పూతలపట్టులో ఎక్కేవాడు. సన్నగా, ఎవురి మింద ఆనుకుందామా అని ఎతుక్కుంటా ఉన్నట్టుండే మనిషి. "బస్సు మలుపు తిరగతా ఉండంగానే టవాలు ఏస్తాడప్పా. కిటికీకి అడ్డం కమ్మీలుండాయి, లోపల తలకాయలుండాయి. గురి ఒక్కసారి కూడా తప్పడు. బాస్కెట్‌బాల్ అంటే అంతే గదా?" అన్నాడు జీయమ్. ఆయన కండ్లు మెరస్తా ఉండాయి.

శేఖరు చేతికి బాలిచ్చినాం. వాడు ఏసినాడు. బాలు రింగుకు తగల్లేదు, బోర్డుకు తగల్లేదు, గోడ దాటి పక్కన నీళ్ళ ట్యాంకు ఆవరణలో పడింది. పోయి తెచ్చుకోనొచ్చినాం. మళ్ళీ ఏసినాడు. మళ్ళీ పోయినాం. నేను నవ్వీ నవ్వీ టీ చొక్కా మింద ఒలకబోసుకున్నాను. జీయమ్‌కు ఉక్రోషం వచ్చి, "బాలుకు అలవాటు పడాల, అంతే" అని వాడి భుజాన ఉండే టవాలే తీసి ఇచ్చినాడు. శేఖరు ఎక్కణ్ణుంచి ఏసినా టవాలు ఎగరతా పోయి రింగులోంచి జారి కింద పడేది. గ్రౌండు అంచునుంచి ఏసినా సరే. అంత బాగా రింగులో పడిన వస్తువును ఆ గ్రౌండులో మేమెప్పుడూ చూడలేదు. "అన్నా, టోర్నమెంటువాళ్ళను అడుగు, ఈ ఏడు టవాల్తో ఆడిస్తారేమో" అన్నాను. ఆడ ఉండేవాళ్ళంతా కడుపు పట్టుకోని నవ్వినారు. శేఖరు కూడా నవ్వినాడు పాపం. జీయమ్ నవ్వలేదు. చెనిక్కాయలు తీసి శేఖరుకు పెట్టినాడు, తనూ రెండు నోట్లో ఏసుకున్నాడు. ఆ దినం ఆయనకూ కావాల్సొచ్చినాయి.

ఆ తరవాత రెండు మూడు దినాలకు నేను సామాను కోసం తిరుపతికి పోతా ఆయన బస్సే ఎక్కినాను. నేనొస్తానంటే కండక్టరు సీటు పక్కన నాకు చోటు పెట్టేవాడు. ఎంత తిట్టుకున్నా సరే, ఆ చోటు మాత్రం నాది. పూతలపట్టు దగ్గరపడింది. ఆయన టికెట్లు కొట్టేది ఆపేసి వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు.

"శేఖరు నిలబడుంటాడు. చేతి వంక సూడబాక. మొఖం సూడు."

బస్సు మలుపు తిరిగింది. రోడ్డు మింద గుంపులో శేఖరు కనపడినాడు. అందరూ కిటికీల వెంట పరిగెత్తతా ఉండారు, యాడ సీటు ఖాళీ ఉందా అని. వాడు పరిగెత్తడం లేదు. నిలబడి, పోయే బస్సును ముందు నుంచి ఎనక్కు ఒక్కసారి చూసినాడు. టవాలు ఏసినాడు. అది పోయి మల్లెపూల గంప ఒళ్ళో పెట్టుకోని కూర్చోనుండే ఒకామె మింద పడింది. ఆమె వాణ్ణి తిట్టిన తిట్టు నేనీడ రాయను. తిడతానే లేచింది. తిడతానే దిగింది. పక్కన రెండు సీట్లు ఖాళీగా కనపడతా ఉంటే అప్పటికే ఎవురో ఎగబడి పట్టుకున్నారు, ఒకడి టవాలు మింద ఇంకొకడి చేసంచి పడి గలాటా జరగతా ఉండాది. శేఖరు తీరిగ్గా ఎక్కొచ్చి ఆమె సీట్లో కూర్చున్నాడు.

"సూసినావా?" అన్నాడు జీయమ్. నా జబ్బ ఇంకా వదల్లేదు. "నేను ఇన్ని దినాలు వాడి చెయ్యి సూసినానప్పా. తప్పు సూసినా. అందరూ ఖాళీ అయిన సీటు సూస్తారు. వీడు ఖాళీ కాబోయే సీటు సూస్తాడు. వీడు రింగులో ఏసేవాడు కాదు, మనోళ్ళకు అందిచ్చేవాడు."

"బస్సు యేరు, ఆట యేరు అన్నా" అన్నాను.

"యాడైనా జనం జనమేప్పా" అని టికెట్లు కొట్టుకోను పోయినాడు.

టోర్నమెంటు మొదటి ఆట మార్కెట్‌వీధి వాళ్ళతోనే పడింది. మా ఖర్మ. సాయంత్రం లైట్లేసినారు. చుట్టూ గోడ మింద, మెట్ల మింద, టీకొట్టు బెంచీల మింద జనం. వాళ్ళ పొడుగాళ్ళు ఎగరతా ఉంటే రింగు కంబం ఊగింది. మా శేఖరు చేతికి బాలొస్తే వాడు ఎవురూ లేని చోటికి విసిరేవాడు. బాలు పోయి ఖాళీ సిమెంటు మింద పడి, దొర్లుకుంటా గీత దాటి పోయేది. ఒకసారి కాదు, వరసగా. జనం ఈలలేసినారు. "ట్యాంకులోకి ఇంకా పోలేదే" అని నేను గట్టిగానే అన్నాను. పాయింట్లు చూస్తే తల తిరిగేట్టుండాయి. చెంగల్రాయులు కొట్టు వైపు తిరిగి మేకుకుండే విజిలు చూసినాడు, తరవాత నన్ను చూసినాడు.

అప్పుడు జీయమ్ అరిచినాడు. "హోల్డాన్."

ఆట నిలబడింది. అందరూ శేఖరును తిడతాడనుకున్నాం. వాడూ తల దించుకోని నిలబడినాడు. జీయమ్ వాడి వంక చూడను కూడా లేదు. మిగతావాళ్ళను దగ్గరికి పిల్చి, బస్సులో చిల్లర లేదని చెప్పే గొంతుతో మెల్లగా చెప్పినాడు. నేను అంచునే ఉండాను గనక ఇనపడింది.

"వాడు తప్పు ఏయడం లేదప్పా. మీరు పోవడం లేదు. వాడు టవాలు ఏసినాడంటే ఆ సీటు మీదే. బాలు సూడబాకండి, వాడి మొఖం సూడండి. వాడు యాడ సూస్తే ఆడికి పోయి కూర్చోండి."

"ఆడెవురూ ఉండరు గదన్నా" అన్నాడు టమేటాలాయన.

"అందుకే గదప్పా ఖాళీ ఉండేది. జరగండి. రైట్ రైట్."

దాని తరవాత జరిగింది నేను చెప్తే మా బెంచీవాళ్ళు నమ్మరు, ఎందుకంటే వాళ్ళు వేరే మాదిరి చెప్తారు. నేను చూసింది చెప్తాను. టమేటాలాయన గుంపులోంచి బయటికొచ్చి, ఎవురూ లేని మూలకు, నాకెందుకొచ్చిన తంటా అన్న మొఖంతో నడుచుకుంటా పోయినాడు. పోయి నిలబడేసరికి బాలు వాడి చేతుల్లో ఉండాది. చుట్టూ ఒక్కడు కూడా లేడు. వాడికే నమ్మకం రాలేదు, అటూ ఇటూ చూసుకున్నాడు. చూసుకోని ఏసినాడు. పడింది. ఇంకోసారి ఇంకొకడు. శేఖరు చూసేది, వీళ్ళు పొయ్యేది, బాలు వచ్చేది. మార్కెట్‌వీధి పొడుగాళ్ళు ఎగరను తయారుగా రింగు కింద నిలబడుంటే, మా వాళ్ళు వాళ్ళు లేని చోటంతా కాపురం పెట్టేసినారు. అన్నాళ్ళూ ఆయన గొంతు చించుకోని చెప్పింది అదే గదా, ముందర ఖాళీ ఉండాదని. ఆ పొద్దు జరిగినారు.

చివరి బాలు టమేటాలాయనే ఏసినాడు. అది రింగు మింద కూర్చోని, ఆలోచించి, లోపలికి పడింది. ఒక్క పాయింటుతో గెలిచినాం.

నేను బెంచీ ఎక్కి గంతులేసినానని చెంగల్రాయులు అందరికీ చెప్తా ఉంటాడు. అబద్ధం. బెంచీ మింద ముందే నిలబడుండాను, ఆట కనపడకపోతే. కిందికి దిగినాను, అంతే. దిగేటప్పుడు రవంత ఎగిరుండచ్చు.

రెండో ఆటలో చిత్తుగా ఓడినాం. అది కూడా రాయాల గదా. అవతలోళ్ళు తెలివిగలోళ్ళు, శేఖరు మొఖం చూసేది వాళ్ళూ నేర్చుకున్నారు. మరసటి దినం పొద్దున్నే బెంచీ మింద నేనే మొదలుపెట్టినాను. మొదటి ఆట గెలిచింది గాలివాటంగా గెలిచింది, ఒక పొడుగోడుండుంటే రెండో ఆట కూడా మనదే అని. చెంగల్రాయులు ఒంటికాలి మింద లేచినాడు. మేం అరుచుకుంటా ఉండంగా జీయమ్ డ్యూటీకి పోతా వచ్చినాడు. మేకునుంచి విజిలు తీసి మెళ్ళో ఏసుకున్నాడు. నా పక్కన కూర్చున్నాడు.

"ఒక మాట అడగతా, కోపం చేసుకోవు గదా అన్నా" అన్నాను. "నేను ఇన్ని తిట్లు తిడతా. అయినా బస్సులో నీ పక్కన నాకు చోటు పెడతావు. ఎందుకు?"

ఆయన చెనిక్కాయ ఒలిచి నా చేతిలో పెట్టినాడు.

"బెంచీ మింద అందరూ నాకు బాగుందన్నా, బాగుందన్నా అంటారప్పా. నా మొఖం సూసి అంటారు. నువ్వొక్కడివి ఆట సూసి అంటావు. నువ్వు ఒప్పుకోని ఆటగాడుంటే ఆ రాత్రంతా వాడి గురించే ఆలోచిస్తా. నువ్వు అట్ల నవ్వకపోయుంటే శేఖరు చేత ఇంకా బాలేపిస్తానే ఉందును." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఈ సందులో నీ నోటికి జడిసి ఎవురూ నిన్ను దేనికీ పిలవరు. నేను పిలుస్తా ఉండా. నువ్వు కూడా నేను తెచ్చినోడివేప్పా."

పోయి బస్సెక్కినాడు. నాకు ఆ దినం అంగడి తెరవబుద్ధి కాలేదు. కోపమొచ్చి కాదు. నన్ను ఒక టీములోకి తీసుకోనుండారని, తీసుకోని అన్నేండ్లయిందని, నాకప్పుడు తెలిసింది. చానా సంతోషమయింది. ఈడ కాకుంటే ఇంకెక్కడ చెప్పుకునేది.

ఆ తరవాత కూడా మేం గెలిచిన ఏండ్లున్నాయి, ఓడిన ఏండ్లున్నాయి. వాదన మాత్రం ఒక్క పొద్దు కూడా ఆగలేదు. ఆయన్ను మేనేజరు పని మానుకోమని మళ్ళీ ఎవురూ అనలేదు. నేను అన్నాను, ఏటా అన్నాను, అది లెక్కలోకి రాదు.

ఈ ఏడు చలికాలం పోతా పోతా ఆయన్ను తీసుకోని పోయింది. మద్దేనం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేయలేదు. ఇంటి ముందర సందంతా జనం. ఆయన బస్సులో దినామూ తిరిగేవాళ్ళు, పేర్లు కూడా తెలీనోళ్ళు, వచ్చి నిలబడుండారు. శేఖరు గోడకానుకోని ఏడస్తా ఉండాడు. టమేటాలాయన అందరికీ నీళ్ళందిస్తా ఉండాడు. నేను గడప కాడికి పోయేసరికి వదినె లోపలికి పోయి విజిలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఓడిపోతే ఇది నీదని చెప్పినాడంట గదా నాయనా, అప్పుడెప్పుడో. నాకు చెప్పి నవ్వేవాడు. ఇప్పుడు ఓడిపోయినాడు గదా. తీసుకో."

నేను అంత నోరున్నోణ్ణి, దాన్ని చొక్కా జేబులో ఏసుకోని, పోయి టమేటాలాయనతో పాటు నీళ్ళందించినాను.

అప్పట్నుంచీ ఆ విజిలు జేబులోనే ఉండాది. ఊదింది లేదు. ఎండాకాలం దగ్గరపడింది, టోర్నమెంటువాళ్ళు వచ్చి మీ టీము ఉండాదా లేదా అని అడిగి పోయినారు. చెంగల్రాయులు నన్నే చూస్తాడు. "నాకు చేతకాదు. నాది ఆటొచ్చినోళ్ళను తెచ్చే పద్ధతి, ఆటొచ్చినోళ్ళు మనకాడికి రారు. దానికంటే టీము మూసేసేది మేలు" అని చెప్పినాను. శేఖరు ఇప్పుడు కాపురం దూరంగా తడ అనే ఊరికి మార్చినాడు, ఆడనే పని. నియమం ప్రకారం వాడిక ఆడలేడు. సాయంత్రం గ్రౌండులో మా వాళ్ళు మళ్ళీ రింగు కింద గుంపు కట్టేసి తొక్కుకుంటా ఉండారు. జరగమని చెప్పేవాడు లేడు. నేను అంగడిలోంచి చూస్తా, లోపలికి పోతా. ఇంకో వారంలో అది కూడా ఆగిపోతాదని అందరికీ తెలుసు.

ఇదీ సంగతి. చెప్పేలోపల టవాలు ఏసినోడు రానే వచ్చినాడు.

నలభై దాటుంటాయి. బట్టతల. చొక్కా గుండీలు పొట్ట కాడ పట్టుకోని లాగతా ఉండాయి. ఒక చేతిలో క్యారియరు. చెమట్లు కక్కుకుంటా వచ్చి, "పెద్దాయన మింద పడిందాన్నా, ఏమనుకోబాకండి" అని టవాలు తీసి భుజానేసుకోని కూర్చున్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూస్తా గమ్మున కూర్చుందామనుకున్నాను. చంద్రగిరి దాకా అట్లే పోదామనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"ఆయన లేస్తాడని నీకెట్ల తెలుసునప్పా? ఇంకా కూర్చోనే ఉండాడు గదా."

"సంచి కింద నుంచి ఒళ్ళోకి తీసుకున్నాడన్నా. తలకాయ ముందుకు పెట్టినాడు. దిగేవాడే అట్ల పెడతాడు. రోడ్డు మింద నుంచే కనపడింది." ఇది ఒక సంగతా అన్నట్టు క్యారియరు సర్దుకుంటా ఉండాడు.

"దిగేవాళ్ళు లేచి పక్కన రెండు సీట్లు ఖాళీ అయ్యుండాయి గదా. ఆటిలో ఏసుండచ్చు."

"ఆటికి పదిమంది పరిగెత్తతా ఉండారన్నా. మనకెందుకు ఆ తొక్కులాట?"

వెనక నుంచి కండక్టరు అరస్తా వస్తా ఉండాడు, కొత్త కుర్ర కండక్టరు. ముందుకు జరగండప్పా, ముందర ఖాళీ ఉండాది అని. నేను కిటికీ వైపుకు జరిగినాను. జరిగి, ఆ మనిషిని తల నుంచి కాళ్ళ దాకా చూసినాను. పొడుగు లేదు. ఊపిరి ఇంకా సర్దుకోలేదు. ఆ పొట్టతో ఎగరనే ఎగరలేడు. ఇట్లాటోణ్ణి జీయమ్ తెచ్చుంటే బెంచీ మింద నేను ఆయన్నూ వీణ్ణీ కలిపి ఉతికి ఆరేసుందును.

"సాయంత్రం ఆరింటికి చిత్తూరు పాత బస్టాండు ఎనకుండే గ్రౌండుకు వస్తావా?" అన్నాను.

"ఎందుకన్నా?"

"బాస్కెట్‌బాల్. మాదొక టీముండాది."

ఆయన నన్నొకసారి చూసినాడు, తన పొట్టనొకసారి చూసుకున్నాడు. "నాకా? నాకు ఆట రాదే" అన్నాడు.

"ఆట దాందేముండాది, నేర్చుకుంటావు" అన్నాను. "నువ్వయితే రా."